బయటికి పోయిన బంతికి చప్పట్లు

బంతిని మైదానం బయటికి తన్నినందుకు చప్పట్లు కొట్టించుకున్న ఆటగాడు ఈ అమెరికా మొత్తంలో అతనొక్కడే అయ్యుంటాడు. కొట్టింది మేమే. తెలియక కొట్టాం. తెలిశాక కూడా మానలేదు.

పోయిన నెల అతని భార్య ఫోన్ చేసినప్పుడు నేను డాలస్ పక్కన కాపెల్‌లో మా అమ్మాయి ఇంట్లో చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "నిద్రలోనే వెళ్లిపోయాడు. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన చప్పట్ల మనుషులు కదా మీరు" అంది ఆవిడ. పులుసు కారుతున్న చేత్తో అలాగే నిలబడిపోయాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసి వచ్చి, "అమ్మా, ఎవరు? ఎనక చూస్కో అంకులా?" అని అడిగింది. తలూపాను. యాభైకి దగ్గరపడిన మనిషి, చిన్నపిల్లలా వచ్చి నా భుజం మీద ముఖం పెట్టుకుంది.

డెబ్బైల చివర మేం ఒహాయో నది పక్కన ఒక ఊళ్లో ఉండేవాళ్లం. తెలుగువాళ్లంటే నాలుగు కుటుంబాలు. వారానికోసారి తెలుగు మాట్లాడుకోవడానికి ఎవరు ఎక్కడికి రమ్మన్నా పోయేవాళ్లం. మావారు పనిచేసే ఫ్యాక్టరీలో సాకర్ మ్యాచ్‌కి టికెట్లు ఊరికే పంచారు. ఆ ఆటకి జనం రాక అలా పంచేవారట. పులిహోర కలుపుకుని, పిల్లల్ని వేసుకుని పోయాం. నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే, అదీ గుంటూరులో మా నాన్న రేడియో పక్కన కూర్చుని విన్నది. బంతి ఎంత దూరం పోతే అంత గొప్ప అని మాత్రం తెలుసు.

ఆట మొదలైన కాసేపటికి, వెనక వరుసలో ఆడుతున్న ఒక పొడుగు తెల్లబ్బాయి, మీదికొస్తున్న బంతిని ఒక్క తన్ను తన్నాడు. అది గీత దాటి, కంచె దాటి, మా పైవరుస కుర్చీల్లో పడింది. మావారు "సిక్స్" అంటూ లేచారు. మేమందరం లేచి చప్పట్లు. చుట్టూ ఉన్న అమెరికన్లు అప్పటికే అతన్ని ఎగతాళి చేస్తూ అరుస్తున్నవాళ్లు, మమ్మల్ని చూసి నోళ్లు మూశారు. మాతో వచ్చిన మల్లారెడ్డి మాత్రం తల దించుకున్నాడు. అతను సికింద్రాబాదులో ఫుట్‌బాల్ మైదానం పక్కనే పుట్టి పెరిగాడు.

"కూసోండన్నా, ఇజ్జత్ తీస్తున్రు. అది సిక్స్ కాదు. బాల్ ఎవరికియ్యాల్నో దిక్కు తోచక బయటకు కొట్టిండు" అన్నాడు.

"ఎంత దూరం కొట్టాడో చూశావా?" అన్నాను నేను.

"దూరం కొడితే ఏముంది వదినా? దాన్కి ఎవరన్న చప్పట్లు కొడ్తరా?"

మేం కొట్టాం. మళ్లీ బయటికి తన్నినప్పుడు కూడా కొట్టాం. రెండోసారి కొట్టింది అతని కోసం కాదు, మల్లారెడ్డిని ఉడికించడానికి.

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు కంచె దగ్గరికొచ్చి జనానికి చేతులు కలిపి వెళ్లడం అక్కడి అలవాటు. ఇతను మిగతావాళ్లని వదిలేసి తిన్నగా మా దగ్గరికొచ్చాడు. అతనికి పైపళ్లలో ముందువి రెండు లేవు. ఆడేటప్పుడు కట్టుడుపళ్లు తీసేసి రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంటాడని తర్వాత తెలిసింది.

"మీరు నన్ను వెక్కిరించారా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు గానీ చెవులు ఎర్రగా ఉన్నాయి.

మావారు కంగారుపడి క్రికెట్ సంగతంతా చెప్పారు. గీత దాటితే నాలుగు పరుగులని, గాల్లో దాటితే ఆరని. అతను అంతా విని గడ్డి మీద కూలబడి నవ్వాడు. "మిస్సోరిలో పుట్టాను. నడక వచ్చినప్పటి నుంచీ ఈ ఆటే ఆడుతున్నాను. దీనికి ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. మా అమ్మ కూడా" అన్నాడు. మిగిలిన పులిహోర చూపించి తింటావా అంటే తిన్నాడు. ఎండుమిరపకాయ కూడా తినేశాడు, పాపం, మనం పక్కన పెడతామని తెలియక.

అలా మా ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. అతనికి అప్పుడు పాతికేళ్లు కూడా ఉండవు. మ్యాచ్ ముందురోజు సాయంత్రం వచ్చి అన్నంలో చారు పోసుకుని, ముక్కు తుడుచుకుంటూ తినేవాడు. మా అమ్మాయి చేత అంకుల్ అనిపించాం. అది విని మురిసిపోయాడు. "టీమ్‌లో అందరూ నన్ను కిడ్ అంటారు. ఇక్కడ నేను పెద్దమనిషిని" అనేవాడు.

ఎన్నిసార్లు పిలిచినా సోఫాలో కూర్చునేవాడు కాదు. వంటింట్లో ఫ్రిజ్ పక్కన, గోడకి వీపు ఆనించి నిలబడేవాడు. అక్కడి నుంచి వాకిలీ, పెరటి తలుపూ రెండూ కనిపిస్తాయి. ఏమిటయ్యా ఆ కాపలా అంటే, "నా పని అందరి వీపులూ చూడటం. నా వెనక గోల్‌కీపర్ ఒక్కడే ఉంటాడు. అలవాటైపోయింది" అన్నాడు.

నోరు మాత్రం ఊరుకునేది కాదు. మైదానంలో తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉండేవాడు. నీ వెనక మనిషున్నాడు, నీకు టైముంది, ఎడమకి ఇవ్వు, తిరగొద్దు. ఎందుకలా గొంతు చించుకుంటావని నేనొకసారి అడిగాను.

"ముందున్నవాడికి వెనక ఏముందో కనిపించదు. నాకు కనిపిస్తుంది. కనిపించింది చెప్పకపోతే అది దొంగతనమే" అన్నాడు. ఆ మాట అతను చాలాసార్లు అన్నాడు. వేరే సందర్భాల్లో కూడా అన్నాడు. నా కారు వెనక టైరులో గాలి తగ్గిందని చెప్పడానికి కూడా అదే మాట.

చిక్కేమిటంటే, అతని టీమ్‌లో సగానికి సగం మందికి ఇంగ్లీషు రాదు. బ్రెజిల్‌వాళ్లు, జర్మన్లు, యుగోస్లావియావాళ్లు. అందుకని 'వెనక చూసుకో' అనే ఒక్క ముక్క అందరి భాషల్లోనూ నేర్చుకున్నాడు. మాదీ నేర్పమన్నాడు. నేను నోరు తెరిచేలోపు మల్లారెడ్డి "ఎనక చూస్కో" అని నేర్పేశాడు. ఆ టీమ్‌లో తెలుగువాడెవడూ లేడు గనక దాన్ని మామీదే వాడాడు. కిరాణా కొట్టు పార్కింగ్‌లో వెనక నుంచి కారొస్తే, "ఎనక చూస్కో" అని ఒక్క కేక. అమెరికాలో పుట్టిన మా అమ్మాయి మొదట నేర్చుకున్న తెలుగు మాటల్లో అదొకటి. గుంటూరుదాన్ని నేనుండగా, నా కూతురికి సికింద్రాబాదు తెలుగు ఒక మిస్సోరి మనిషి నేర్పాడు.

అతని బాధ ఏమిటో తెలియడానికి మాకు ఒక ఏడాది పట్టింది.

ఆ లీగ్‌లో ఒక నియమం ఉండేది. బయటి దేశాల నుంచి ఎంతమందిని తెచ్చుకున్నా, ప్రతి టీమూ మైదానంలో కొందరు ఇక్కడివాళ్లని ఉంచాల్సిందే. ఆ కొందరిలో ఇతనొకడు. కోచ్ యూరప్‌వాడు, పేరున్నవాడు. మొదటిరోజే అతన్ని పక్కకి పిలిచి, "బంతి నీ దగ్గరికొస్తే ఆడటం వచ్చినవాడికి ఇవ్వు. కుదరకపోతే బయటికి కొట్టు" అన్నాడట. ఇతను ఆ యాసతో సహా చెప్పి మమ్మల్ని నవ్వించేవాడు. అందరికంటే తనే ఎక్కువ నవ్వేవాడు. మేం చప్పట్లు కొట్టిన ఆ మొదటి బంతి, ఆ మాట ప్రకారం కొట్టిందే.

ఒక శనివారం షాపింగ్ మాల్‌లో బల్ల వేసి, టీమ్ కెప్టెన్‌నీ ఇతన్నీ కూర్చోబెట్టారు, ఫొటోల మీద సంతకాలు పెట్టడానికి. కెప్టెన్ కూడా వెనక వరుస ఆటగాడే. తన దేశం తరఫున ఎన్నో ఏళ్లు ఆడి, చివరి రోజుల్లో ఇక్కడికి వచ్చాడు. క్యూ అంతా అతనికే. అతను లేచి వెళ్లగానే క్యూ కరిగిపోయింది. ఇతను పెన్ను పట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఒక ముసలావిడ వచ్చి వంగి ఏదో అడిగింది. ఇతను లేచి నిలబడి, చెయ్యి చాపి, ఎడమకి తిరిగి చెప్పుల కొట్టు దాటాక అని వివరంగా దారి చెప్పాడు. ఆవిడ అడిగింది బాత్రూం ఎక్కడని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం మా బల్ల మీద ఉప్పుడబ్బా, పచ్చడి సీసాలూ వరసగా పేర్చి, ఆటలో ఎవరెక్కడ నిలబడతారో చూపిస్తూ చూపిస్తూ ఆగిపోయాడు. ఉప్పుడబ్బా చేతిలో పట్టుకుని, "ఇది నేను. నియమం ఉంది కాబట్టి ఇక్కడున్నాను. నియమం లేకపోతే నన్ను ఆడిస్తారా?" అన్నాడు.

"మంచిగ ఆడతవు భయ్. నియమం లేకున్నా ఆడిస్తడు" అని మల్లారెడ్డి ఇంగ్లీషులో చెప్పి, అదే నాకు తెలుగులో చెప్పాడు.

"స్నేహితులు అలాగే అంటారు" అన్నాడు అతను.

ఆస్పత్రి ల్యాబులో నన్ను తీసుకున్నది మనుషులు దొరక్కే అని నా వెనక అనుకునేవాళ్లు. ఆ ప్రశ్న నాకు తెలుసు. అది అన్నంలో రాయి. నమిలితే పళ్లు పోతాయి, మింగితే కడుపులో ఉంటుంది. కాకపోతే నేను పరాయిదేశం వచ్చిన దాన్ని. అతనికి సొంత దేశంలో ఆ గతి.

మరుసటి వేసవిలో సముద్రం అవతల నుంచి ఒక పెద్ద క్లబ్ వచ్చింది, ఊరికే స్నేహపూర్వక మ్యాచ్ ఆడటానికి. అది లీగ్ మ్యాచ్ కాదు. ఇక్కడివాళ్లు ఇంతమంది ఉండాలన్న నియమం ఆ రోజుకి లేదు. కోచ్ తనకిష్టమైన పదకొండు మందిని దింపుకోవచ్చు.

ముందురోజు వచ్చి చారన్నం ముట్టలేదు. "రేపు తెలిసిపోతుంది" అని మాత్రం అన్నాడు.

మర్నాడు నాలుగు కుటుంబాలూ ఆడనివాళ్లు కూర్చునే బెంచీ వెనక వరసలోనే కూర్చున్నాం. జట్టు పరుగెత్తుకుంటూ వచ్చింది. అందులో అతనున్నాడు. కెప్టెన్ లేడు. మావారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు. అవతలి జట్టులో ఒక పొట్టి మనిషి, గాలిపటంలా ఎటు పోతాడో తెలియదు, కుడిపక్క నుంచి వచ్చి పడుతున్నాడు. మనవాడు ఆ రోజు అతన్ని కదలనివ్వలేదు. మొదటిసారిగా బంతిని బయటికి కొట్టకుండా, కాలి కింద ఆపి, తలెత్తి చూసి, ముందున్నవాడికి అందించడం చూశాను. మల్లారెడ్డి పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బంతి ఒకే ఒక్కసారి బయటికి పోయింది. మేం అలవాటుగా లేచాం. అతను మా వైపు చూసి, పళ్లు లేని నోటితో నవ్వాడు.

మ్యాచ్ గెలిచాం. అతను కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఊపాడు. "ఆడాను" అన్నాడు. "నియమం లేకుండా ఆడాను." అంత సంతోషం అతని ముఖంలో నేను మళ్లీ చూడలేదు.

అంతలో కెప్టెన్ బెంచీ మీద నుంచి లేచి, కుంటుకుంటూ అటే వచ్చాడు. చీలమండకి లావుపాటి కట్టు, దాని మీద ఐసు సంచి. ఇతని భుజం తట్టి, "థాంక్స్, కిడ్. నా కాలు బాగా లేని రోజు నా చోటు బాగా చూసుకున్నావు" అన్నాడు. మంచిగానే అన్నాడు. ఇతని చేతులు కంచె మీద నుంచి జారిపోయాయి. కట్టు కేసి చూశాడు. "అవునా" అన్నాడు. మా దగ్గర ఉన్న పులిహోర తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అతను ఇంకా చాలా ఏళ్లు ఆడాడు. ఇక్కడివాళ్లు ఇంకొంతమంది ఉండాలని నియమం పెంచారు. అతనికి మైదానంలో చోటు గట్టిపడింది గానీ, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఎనభైల మధ్యలో లీగే మూతపడింది. కోచ్ తన దేశం వెళ్లిపోయాడు. ఇతను చలికాలంలో ఐస్ హాకీ ఆడే చోట, మంచు మీద తివాచీ పరిచి, చుట్టూ చెక్కగోడ కట్టి ఆడే సాకర్‌లో చేరాడు. అక్కడ బంతి బయటికి పోదు. గోడకి తగిలి వెనక్కి వస్తుంది. "మీకు చప్పట్లు కొట్టే పని లేకుండా చేశారు" అని ఫోన్‌లో నవ్వాడు. తివాచీ మీద పడి పడి మోచేతుల చర్మం ఊడిపోయేది. మా ఇంటికొచ్చినప్పుడు నేను పసుపు, వెన్న కలిపి రాస్తే కిమ్మనకుండా రాయించుకునేవాడు. చివరికి మోకాలు పోయింది. మిస్సోరి వెళ్లి, పెళ్లి చేసుకుని, ఒక స్కూల్లో ఆడపిల్లలకి ఆట నేర్పుతూ ఉండిపోయాడు.

ఫోన్ మాత్రం చేస్తూనే ఉండేవాడు. పిల్లలు, మోకాలు, వాతావరణం, అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడిగేవాడు.

"ఆ రోజు మీరు బెంచీ వెనకే కూర్చున్నారు. ఆ కట్టు నిజంగా అంత లావుదేనా?"

"లావుదేనయ్యా. నా కళ్లతో చూశాను."

"సరే అయితే."

మావారిని అడిగినా అదే చెప్పేవారు. చూసింది చూసినట్టు చెప్పాం. ఈ రెండేళ్లుగా అతనికి మతిమరుపు వచ్చింది. మావారు పోయారని చెప్పినా మర్చిపోయి, ఆయన్ని పిలవమనేవాడు. మా అమ్మాయి పేరు మర్చిపోయాడు. కట్టు సంగతి మర్చిపోలేదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు కూడా, "మీరు చూశారు కదా" అన్నాడు. చూశానన్నాను.

మిస్సోరిలో ఆ చిన్న ఊరికి నేను డాలస్ నుంచి, మల్లారెడ్డి వర్జీనియా ఆష్‌బర్న్‌లో కొడుకు దగ్గర నుంచి వెళ్లాం. చర్చి పక్కన హాల్లో అతన్ని పెట్టెలో పడుకోబెట్టారు. కట్టుడుపళ్లు పెట్టి, కోటు వేశారు. వచ్చినవాళ్లందరికీ గోడకి వీపు ఆనించి నిలబడినవాడే జ్ఞాపకం గానీ, పడుకున్నవాడు ఎవరికీ తెలియదు. అతని దగ్గర ఆట నేర్చుకున్న ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వరసగా వచ్చి చూసి వెళ్తున్నారు.

చేతికర్రతో ఒక ముసలాయన కాఫీ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. మల్లారెడ్డి గుర్తుపట్టాడు. "వదినా, కోచ్" అన్నాడు. ఇప్పుడు ఫ్లోరిడాలో కూతురి దగ్గర ఉంటున్నాడట. మేమెవరమో చెప్పాను. "ఓ, ఆ చప్పట్లు" అని నవ్వాడు. ఏదో మాట కలపాలి కదా అని నేనే అన్నాను, ఆ స్నేహపూర్వక మ్యాచ్ అంటే అతనికి చాలా ఇష్టమని, కెప్టెన్ కాలు దెబ్బతినడం వల్ల ఆ అవకాశం దొరికిందని.

"దెబ్బా?" అన్నాడు ముసలాయన. "దెబ్బ చిన్నది. ఆడగలిగే దెబ్బే. నేనే పెద్దది చేశాను. లావుగా కట్టు కట్టమన్నాను."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"అవతలి జట్టు పొట్టివాడి వేగాన్ని కెప్టెన్ అందుకోలేడు. వయసైపోయింది. మనవాడు అందుకుంటాడు. నేను గెలవాలనుకున్నాను. ఆ వారం కెప్టెన్ తల్లీ తండ్రీ దేశం నుంచి వచ్చి స్టేడియంలో కూర్చున్నారు. నిన్ను పక్కన పెడుతున్నానని ఎలా చెప్పను? నీ కాలు వాచింది, రిస్క్ వద్దు అన్నాను."

"మరి ఇతనికి చెప్పొచ్చు కదా?"

"చెబితే ఆ సాయంత్రానికే కెప్టెన్‌కి తెలిసేది. తర్వాత లీగ్ పోయింది, నేను వెళ్లిపోయాను. అయినా అతనికి తెలియకుండా ఉంటుందా? అలా ఆడినవాడికి తెలియదా?"

ఒళ్లు మండిపోయింది నాకు. పెద్దవాడని కూడా చూడలేదు. "తెలియదు" అన్నాను. "నియమం లేకపోతే తనని ఆడించేవారా అని, ఆ కట్టు అంత లావుదేనా అని నలభై ఏళ్లు నన్ను అడిగాడు. నా కళ్లతో చూశానని చెప్పాను. చచ్చిపోయే ముందు కూడా చెప్పాను. కనిపించింది చెప్పకపోతే దొంగతనమనేవాడు అతను. నీ దగ్గర ఆడినవాడే."

"నన్ను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు ముసలాయన.

ఎలా అడుగుతాడు? అడిగితే జవాబొస్తుంది కదా.

చెయ్యి పట్టుకుని లేపి, అతని భార్య దగ్గరికి తీసుకెళ్లాను. నాకు చెప్పిందంతా ఈవిడకి చెప్పమన్నాను. చెప్పాడు. ఆవిడ పెట్టె వైపు చెయ్యి చూపించింది. "నాకెందుకు? ఆయనకి చెప్పండి" అంది.

ముసలాయన మెల్లగా వెళ్లి పెట్టె అంచు పట్టుకుని నిలబడ్డాడు. మైదానం అవతలికి వినిపించేలా మాట్లాడే అలవాటు పోలేదు కాబోలు, హాలంతా వినిపించింది. "కెప్టెన్ కాలికి పెద్దగా ఏమీ కాలేదు. నియమం లేని రోజున నేను రాసుకున్న మొదటి పేరు నీదే."

నా వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. తిరిగి చూశాను. మల్లారెడ్డి. ఇన్నేళ్లలో మేం చప్పట్లు కొట్టిన ప్రతిసారీ తల దించుకున్నవాడు, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా కొడుతున్నాడు. నేనూ కొట్టాను. అతని భార్య కొట్టింది. అతని దగ్గర ఆట నేర్చుకున్న ఆడవాళ్లు, ఎందుకో తెలియకపోయినా, కొట్టారు.

కోచ్ ఒక్కడే కొట్టలేదు. పెట్టెలో ఉన్నవాడు ఏదైనా అంటాడేమోనని, వంగి అతని ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.